కాలిన వైపే పూసింది: న్యూజెర్సీ పైన్ అడవిలో నాలుగు రోజులు

మొదటి రోజు, గురువారం

మా నాన్న 32 ఏళ్లు నల్లమలలో ఉద్యోగం చేశాడు. అటవీశాఖలో గార్డుగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాడు. మా చిన్నప్పుడు ఫిబ్రవరి నుంచి మే దాకా ఆయన ఇంట్లో పడుకున్న రాత్రులు తక్కువ. ఉన్న రాత్రుల్లో కూడా చొక్కాకు పొగ వాసన వదిలేది కాదు. అలాంటి మనిషిని న్యూజెర్సీలో మేముండే ఎడిసన్ ఊరికి తీసుకొచ్చి మూడు నెలలు అపార్టుమెంటులో కూర్చోబెడితే ఏం చేస్తాడు? ఓక్ ట్రీ రోడ్డులో కాకరకాయల ధర రూపాయల్లోకి మార్చుకుని బాధపడటం తప్ప వేరే పనే లేదు. "ఇక్కడ అడవనేది లేదా అమ్మాయ్?" అని వారానికోసారి అడిగేవాడు.

ఎందుకు లేదు! న్యూజెర్సీ అంటే మనవాళ్లకు టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డూ, గుళ్లూ, బిర్యానీ హోటళ్లూ గుర్తొస్తాయిగానీ, రాష్ట్రం దక్షిణ భాగంలో ఊళ్లూ పొలాలూ కలుపుకుని 11 లక్షల ఎకరాల పైన్‌ల్యాండ్స్ ఉంది. 1978లో అమెరికా కాంగ్రెస్ దీన్ని దేశంలోనే మొదటి నేషనల్ రిజర్వ్‌గా ప్రకటించింది. పాత పేరు పైన్ బారెన్స్. బారెన్ అంటే గొడ్డు నేల. చక్కెరలా తెల్లగా ఉండే ఆ ఇసుకలో పంటలు పండక, తొలినాళ్ల రైతులు విసిగిపోయి పెట్టిన పేరు.

నాకు మాత్రం ఆ గొడ్డు నేలలో ఒక పువ్వుతో పనుంది. పైన్ బారెన్ జెన్షియన్. శాస్త్రీయ నామం జెన్షియానా ఆటమ్నాలిస్, అంటే శరత్తులో పూసేదని. న్యూజెర్సీ పైన్ అడవుల్లోనూ, దక్షిణాన వర్జీనియా, కరోలినాల్లో అక్కడక్కడా తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. ఇక్కడ రక్షించాల్సిన మొక్కల జాబితాలో ఉంది. గత రెండేళ్లూ సెప్టెంబరు చివర్లో వెళ్లి, చూడలేక వెనక్కొచ్చాను. ఈసారి నాలుగు రోజులు సెలవు పెట్టాను. మావారికి ఆఫీసులో రిలీజ్ ఉంది కాబట్టి నేనూ నాన్నే బయల్దేరాం.

కారెక్కుతుంటే పక్కింటి వరంగల్ వదిన బాల్కనీలోంచి కేకేసింది. "అడవికి పోతున్నరు గదా, గునుగు లెక్క ఏమన్న కనవడితే నాలుగు తెంపుకరా. ఆదివారం బతుకమ్మకు స్టోర్ల పూలు పేర్చాల్నంటె మనసొప్తలేదు." తల ఊపాను. ఆ తల ఊపడానికి తర్వాత సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది.

206 నంబరు రోడ్డు మీద దక్షిణానికి గంటన్నర ప్రయాణం. హామంటన్ అనే చిన్న ఊళ్లో మోటెల్ తీసుకున్నాం. బ్లూబెర్రీలకు పేరుమోసిన ఊరు, కానీ సీజన్ జూలైతోనే అయిపోయింది. పులిహోర తెచ్చుకున్నాం కాబట్టి రాత్రి భోజనానికి వెతుక్కోలేదు.

రెండో రోజు, శుక్రవారం

పొద్దున్నే మబ్బు. మొదట బాట్స్‌టో చూశాం. 1766లో ఇక్కడ ఇనుము కరిగించే కొలిమి పెట్టారు. గనుల ఇనుము కాదు, చిత్తడి నేలల్లో నీటి నుంచి పేరుకున్న ఇనుము. కొలిమికి బొగ్గు కావాలి, బొగ్గుకు చెట్లు కావాలి. అలా చుట్టుపక్కల అడవిని మళ్లీమళ్లీ నరికేశారు. నాన్నకు కొలిమి కన్నా చెరువు నచ్చింది. నీళ్లు అచ్చం పల్చటి డికాక్షన్ రంగులో ఉన్నాయి. సెడార్ చెట్ల ఆకులూ, చిత్తడిలో సగం కుళ్లి పేరుకున్న మొక్కల మట్టీ (పీట్), ఇనుమూ కలిసి ఇచ్చే రంగది. చేత్తో ముంచి చూసి, "పాలు పోస్తే సరిపోయేట్టుంది" అన్నాడు.

అక్కణ్నుంచి ఇసుక బాటలు పట్టాం. ఏ బాటో రాయను. జెన్షియన్ ఉన్న చోట్లు ఎవరూ ఊరూ వాడా చెప్పుకోరు. తవ్వుకుపోయి పెరట్లో పాతుకునేవాళ్లు ఉంటారు, అక్కడ అది బతకదు.

అడవి మొదట చూసినప్పుడు నాన్న పెద్దగా ఏమీ అనలేదు. పిచ్ పైన్ అందంగా నిటారుగా పెరిగే చెట్టు కాదు. వంకరకొమ్మలు, గుత్తికి మూడేసి సూదాకులు, పలకలు పలకలుగా మందపాటి బెరడు. కింద మోకాలెత్తు హకిల్‌బెర్రీ పొదలు, పొట్టి ఓక్‌లు. ఆయన ఒక చెట్టు దగ్గర ఆగి బెరడు మీద వేలుతో రుద్ది నాకు చూపించాడు. నల్లటి మసి. ఇంకో చెట్టుకీ ఉంది. ఇంకోదానికీ ఉంది. "ఈ అడవికి నిప్పు కొత్త కాదమ్మా. ఇవన్నీ కాలి బతికినవే."

ఆపిల్ పై హిల్ మీద 60 అడుగుల ఫైర్ టవర్ ఉందని ఆయనకు ముందే చెప్పి ఊరించాను. కొండ అంటే 200 అడుగుల పైచిలుకు. "దీన్ని మా దగ్గర గుట్ట అని కూడా అనరు" అన్నాడు. టవర్ చుట్టూ కంచె, గేటుకు తాళం. డ్యూటీలో మనిషి ఉన్నప్పుడే ఎక్కనిస్తారట. నాన్న కంచె పట్టుకుని పైకి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. బైర్లూటి దగ్గర వాచ్ టవర్ మీద రాత్రుళ్లు కూర్చుని, దూరంగా ఎర్రటి గీత కనబడితే వాకీటాకీలో చెప్పడం, తర్వాత పచ్చికొమ్మలు విరుచుకుని నిప్పును కొట్టుకుంటూ పోవడం, గాలి తిరిగితే ఎదురునిప్పు పెట్టడం, అన్నీ చెప్పాడు. చిన్నప్పుడు వింటే బోరనిపించిన కథలే.

న్యూజెర్సీ వాళ్లు నిప్పులార్పే శాఖ పెట్టింది 1906లో. రైలింజన్ల రవ్వలకు అడవి తరచూ అంటుకునేదట. నేను చదివినవి కొన్ని ఆయనకు చెప్పాను. 1963 ఏప్రిల్ 20, 21 తేదీల్లో ఒక్క వారాంతంలో 1,83,000 ఎకరాలు కాలిపోయి ఏడుగురు చనిపోయారు. ఇప్పుడు వీళ్లే చలికాలంలో, గాలీ తేమా లెక్క చూసుకుని, అడవికి నిప్పు పెడతారు. ఏటా 25,000 ఎకరాల దాకా కాల్చాలని లక్ష్యం. కింద పేరుకున్న సూదాకులు అప్పుడప్పుడూ కొద్దికొద్దిగా కాలిపోతే వేసవి ముందు పెద్ద మంట లేవదని.

"మేమూ కాల్చేవాళ్లం కదా" అన్నాడు నాన్న. "జనవరిలో ఫైర్ లైన్లు, మంట దాటకుండా ముందే కాల్చి ఉంచే గీతలు. కానీ గీత వరకే. గీత దాటి అడవిలోకి పోతే మా ఉద్యోగం పోయేది."

మధ్యాహ్నం తిరుగుదారిలో కారు ఇసుకలో కూరుకుపోయింది. తప్పు నాదే. ఇక్కడివాళ్లు దీన్ని షుగర్ సాండ్ అంటారు. పైకి గట్టిగా కనబడుతుంది, చక్రం ఆగిందో అంతే. నేను టెన్షన్‌లో యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా దిగిపోయింది. ఫోనుకు సిగ్నల్ లేదు. నాన్న ఏమాత్రం కంగారు పడకుండా కారులోని మ్యాట్లు నాలుగూ తీసి, చేతులతో ఇసుక తోడి, ముందు చక్రాల కింద వేశాడు. టైర్లలో గాలి సగం తీయించాడు. రెండోసారికి బయటపడ్డాం. గంటన్నర పోయింది, ఇద్దరి బట్టలూ ఇసుకమయం. పువ్వు కనబడలేదు. రాత్రి మోటెల్లో సాక్సులు విప్పి పిడుదుల కోసం వెతుక్కున్నాం. నాన్న చీలమండ మీద రెండు దొరికాయి. ఇక్కడి పిడుదుల్లో కొన్ని లైమ్ జ్వరం అంటిస్తాయి కాబట్టి నేను హడావుడి చేశాను. ఆయన మాత్రం "ఎనుములకు వీటికన్నా పెద్దవి పీకాను" అన్నాడు.

మూడో రోజు, శనివారం

ఎండ కాసింది. పది దాటాక నిన్నటి బాటకే వెళ్లాం. ఈసారి కారు మెయిన్ రోడ్డు పక్కనే వదిలి నడిచాం. నిన్న మేం తవ్విన గుంటలు అలాగే ఉన్నాయి. వాటికి ముప్ఫై అడుగుల దూరంలో నాన్న ఆగి, "అమ్మాయ్, నీ పువ్వు ఏ రంగు?" అన్నాడు.

నిన్న గంటన్నర దాని పక్కనే ఉన్నాం. మబ్బు పడితే జెన్షియన్ ముడుచుకుంటుంది. ముడుచుకున్న మొగ్గ పచ్చటి, ముదురు నీలం పుల్లలా గడ్డిలో కలిసిపోతుంది. ఈ సంగతి తెలిసి కూడా మబ్బు రోజున వెతికాను, అదీ నా తెలివి. రెండేళ్లుగా చూడలేకపోవడానికి కారణం కూడా బహుశా ఇదే.

బాట మీద బోర్లా పడుకుని చూశాను. జానెడున్నర ఎత్తు కాడ, దానికి ఎదురెదురుగా గడ్డిపోచల్లాంటి సన్నటి ఆకులు. చివర ఒక్కటే పువ్వు, పైకి చూస్తూ. గరాటాలా అడుగున సన్నం, పైన విచ్చుకుని అయిదు రేకులు. రేకుకూ రేకుకూ మధ్య ఒక చిన్న మడత ఉంది, దాని అంచు కత్తెరతో చించినట్టుంది. లోపల గొంతు దగ్గర తెలుపు, ఆ తెలుపు మీద ఆకుపచ్చా గోధుమా కలిసిన చుక్కలు. పైనంతా నీలం. ఎలాంటి నీలమో చెప్పడానికి నాకొక్కటే పోలిక తోచింది. చిన్నప్పుడు నోరు పూస్తే నాలుక మీద పూసే జెన్షన్ వయొలెట్ ఉండేది కదా, దాన్ని నీళ్లలో కలిపితే మొదటి క్షణం వచ్చే రంగు. ఆ మందులో ఈ పువ్వు లేదు. అది ఫ్యాక్టరీ రంగు, జెన్షియన్ల రంగులో ఉందని ఆ పేరు పెట్టారంతే. ఆ మాట చెబితే నాన్న నవ్వి, "అది పూసినప్పుడు నువ్వు ఎంత ఏడ్చేదానివో" అన్నాడు.

ఒక బంబుల్‌బీ వచ్చింది, మన తుమ్మెదకు బంధువు. పువ్వు అంచు మీద వాలి, తలదూర్చి, మొత్తం లోపలికి దిగిపోయింది. దాని బరువుకు కాడ ఊగింది. లోపల్నుంచి రొద వినబడుతోంది. కాసేపటికి వీపు నిండా పుప్పొడితో వెనక్కి పాక్కుంటూ బయటికొచ్చింది.

నేను ఫొటోలు తీస్తుంటే నాన్న తన పని మొదలుపెట్టాడు. ఆయన పువ్వును ఒక్కసారే చూశాడు, మిగతా సమయమంతా చుట్టూ చూశాడు. బాటకు రెండు వైపులా అడవి ఒకటి కాదని మొదట గమనించింది ఆయనే. ఎడమవైపు హకిల్‌బెర్రీ తొడదాకా ఉంది, కింద సూదాకులు మూడంగుళాల మందాన పరుపులా ఉన్నాయి. కుడివైపు పొదలు పల్చగా, చిగుళ్లు లేతగా, మధ్యమధ్య తెల్ల ఇసుక బయటపడి ఉంది. చెట్ల మొదళ్లు మోకాలెత్తు వరకు నల్లగా ఉన్నాయి.

"మొన్న చలికాలంలో కాల్చారు. మంట చిన్నది, నిదానంగా నడిచింది." ఒక చెట్టు చుట్టూ తిరిగాడు. "గాలి అటునుంచి వీచింది. చూడు, మసి గాలికి అవతలి వైపున ఎత్తుగా పాకింది. చెట్టు చాటున మంట సుడి తిరిగి పైకి లేస్తుంది."

తర్వాత ఇద్దరం జెన్షియన్లు లెక్కపెట్టాం. కాలిన వైపు 19. కాలని వైపు 2, ఆ రెండూ బాట అంచునే. ఒక చోటి లెక్క శాస్త్రం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఈ మొక్క గురించి తెలిసినవాళ్లు చెప్పేదీ ఇదే: మంట నడిచిన ఏడాది పూలు పెరుగుతాయి, నిప్పు మానేస్తే పొదల నీడలో మొక్క పూయకుండా బక్కచిక్కిపోతుంది. రోడ్ల అంచుల్లో ఎక్కువగా కనబడటానికీ అదే కారణం. అక్కడ గడ్డి కోసే మెషీన్ నిప్పు చేసే పనే చేస్తుంది. అయితే మెషీన్ సెప్టెంబరులో వస్తే గింజ పట్టకముందే పువ్వు తల ఎగిరిపోతుంది. అందుకే కోత కాస్త ఆలస్యంగా పెట్టమని ఇక్కడి ప్రకృతి ప్రేమికులు రోడ్లవాళ్ల వెంట పడుతుంటారు.

మరి మంటలో మొక్క ఎలా బతికింది? చలికాలంలో అసలు పైన మొక్కే ఉండదు. కాడ ఎండిపోతుంది, లావాటి వేళ్లూ మొగ్గా ఇసుక కింద పడుకుని ఉంటాయి. చలికాలపు మంట వేడి రెండు మూడు అంగుళాల లోతుకు పెద్దగా దిగదు. పైన సూదాకులు కాలిపోయాక వెలుతురు పడుతుంది, బూడిదతో కాస్త పోషకం అందుతుంది. అంతకన్నా ముఖ్యం గింజ సంగతి. జెన్షియన్ గింజ నలుసంత. మూడంగుళాల సూదాకుల పరుపు మీద పడితే వేరు నేలను అందుకోకముందే ఎండి చస్తుంది. ఉత్త ఇసుక తగలాలి.

"దీనికి నిప్పంటే ఇష్టమన్నమాట" అన్నాను, కాస్త కవిత్వం పుట్టుకొచ్చి.

నాన్నకు నచ్చలేదు. "నిప్పంటే ఎవరికీ ఇష్టం ఉండదమ్మా. దీనికి నీడా చెత్తా పడవు. ఊడ్చేవాళ్లు కావాలి. ఇక్కడ ఊడ్చేది నిప్పు." కాసేపాగి మళ్లీ అన్నాడు. "మా దగ్గర ఇప్పపూలు ఏరుకోడానికి చెట్టు కింద ఆకులు అంటిస్తారు. వాళ్లకీ ఊడ్చడమే కావాలి. అది ఏప్రిల్లో ఎండాకుల్లో పాకిందంటే కొండంతా పోయేది. మొలకలన్నీ మాడేవి. వాళ్లతో ఎన్నిసార్లు గొడవపడ్డానో. ఏ నెల, ఏ గాలి అన్నదే లెక్క."

19 కాడల్లో ఆరింటికి తలలు లేవు. నాన్న ఒకటి పట్టుకుని చూశాడు. చివర నలిగి, పీచు వేలాడుతోంది. "జింక. దానికి ముందు పైపళ్లుండవు, కొరకదు, పీకుతుంది. కుందేలైతే బ్లేడుతో ఏటవాలుగా కోసినట్టుంటుంది." పొదలు కాలిపోయి దారి తెరుచుకుంటే జెన్షియన్‌కు వెలుతురే కాదు, జింక కూడా వస్తుంది. ఈ అడవుల్లో వాటికి కొదవ లేదు. నిప్పు ఇచ్చిన పూలలో ఆరు జింకకు పోయాయి.

పక్కింటి వదిన గుర్తొచ్చింది. "ఒక్కటి తెంపనా నాన్నా?" అని వేళాకోళానికి అడిగాను. ఆయన నావైపు చూసిన చూపు నాకు తెలుసు. వెదురు దొంగల వైపు అలా చూసేవాడు.

మధ్యాహ్నం తూర్పుకు, వారెన్ గ్రోవ్ వైపు వెళ్లాం. 539 నంబరు రోడ్డు మీద ఒక్కసారిగా అడవి కుంచించుకుపోయి, కనుచూపు మేర పైన్ చెట్ల తలలు నా భుజం దగ్గరే ఆగిపోయాయి. పైన్ ప్లెయిన్స్ అంటే ఇదే. ఇక్కడ దాదాపు పదేళ్లకోసారి అయినా పెద్ద మంట వస్తూ వచ్చింది. చెట్టు పైభాగం కాలిపోతుంది, మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది, ఎదిగేలోపు మళ్లీ కాలుతుంది. కాయలు జిగురుతో మూసుకుని ఏళ్ల తరబడి కొమ్మనే ఉంటాయి. నాన్న కారు తాళంతో ఒకదాన్ని కొట్టి చూశాడు, రాయిలా టక్కుమంది. మంట వేడికి జిగురు కరిగితేనే విచ్చుకుంటుంది. 2007 మేలో ఇక్కడి మిలిటరీ రేంజ్ (బాంబులు వేయడం నేర్పే మైదానం) మీద శిక్షణలో ఉన్న ఎఫ్-16 యుద్ధవిమానం వదిలిన ఫ్లేర్ అనే మండే గుళిక వల్ల 17,000 ఎకరాలకు పైగా కాలింది. "విమానం నుంచి అంటించారా!" అని నాన్న రెండుసార్లు అడిగాడు. ముప్ఫై రెండేళ్లలో ఆయన ఎఫ్.ఐ.ఆర్.లో రాయని కారణం అదొక్కటేనేమో.

ఇంకాస్త తూర్పుకు పోతే వేర్‌టౌన్. 2025 ఏప్రిల్ 22న మొదలైన జోన్స్ రోడ్ మంట 15,300 ఎకరాలు కాల్చింది ఈ చుట్టుపక్కలే. దాదాపు 5,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించారు, గార్డెన్ స్టేట్ పార్క్‌వే మూసేశారు. ఆ రోజు ఎడిసన్‌లో మేం టీవీలో చూశాం. అయిదు నెలలయ్యాక చూస్తే, బొగ్గులా నల్లటి మానుల మీద కింది నుంచి పైదాకా పచ్చటి సూదాకులు మొలిచి ఉన్నాయి, బాటిల్ బ్రష్‌ల్లా. బెరడు కింద దాక్కున్న మొగ్గలు అవి. అందంగా ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే రోడ్డు పక్కన ఒక షెడ్డు వంకర రేకులు ఇంకా అలాగే ఉన్నాయి. నాన్న కూడా కారు దిగలేదు. "ఇది ఊడ్చడం కాదు" అన్నాడు.

నాలుగో రోజు, ఆదివారం

హామంటన్ బయట రోడ్డు పక్క స్టాండులో వదిన కోసం చామంతి కుండీలు నాలుగు కొన్నాం, రెండు పసుపు, రెండు మెరూన్. వైట్స్‌బాగ్ మీదుగా వచ్చాం. ఇప్పుడు సూపర్ మార్కెట్లో దొరికే బ్లూబెర్రీ పుట్టిల్లు ఇదే. ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ, ఫ్రెడరిక్ కొవిల్ అనే వృక్షశాస్త్రవేత్త కలిసి అడవి మొక్కల నుంచి సాగురకం తీసి, 1916లో మొదటి పంట అమ్మారు. క్రాన్‌బెర్రీ మడుల పక్కన ఓ గంట నడిచాం. ఎండ మండుతోంది, నాన్నకు ఆకలేస్తోంది, ఎక్కువసేపు ఉండలేదు.

అడవి దాటే చోట, ఈరోజు మంటల ప్రమాదం ఎంతో చూపించే బోర్డు ఉంది. నాన్న కారు ఆపించి, దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. రిటైరయిన స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో, కాలిన వైపు పూసిన జెన్షియన్ ఫొటో, పక్కనే మసి పట్టిన మొదలు ఫొటో వరసగా పెట్టాడు. ఇండియాలో రాత్రి పదిన్నర దాటింది, అయినా టర్న్‌పైక్ ఎక్కేలోపే ఆత్మకూరు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. స్పీకర్లో పెట్టాడు. "సార్, పువ్వు బాగుంది గానీ, ఆ నిప్పు డిపార్టుమెంటోళ్లే పెట్టినారా? మనం పెట్టుంటే చార్జి మెమో చేతిలో పెట్టేవాళ్లు కదా సార్!"

నాన్న కళ్లద్దాలు పైకి నెట్టుకుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ జవాబు టైపు చేయడం మొదలుపెట్టాడు. మంట ఎంత ఎత్తు, గాలి ఎటు, ఎన్ని పూలు, జింక ఎన్ని తిన్నది, అన్నీ రాస్తున్నాడు. మేం దిగాల్సిన ఎగ్జిట్ 10 దగ్గరికి వచ్చేసరికి కూడా అయిపోలేదు.

"అమ్మాయ్, జెన్షియన్‌లో 'షి' తర్వాత 'య' ఉంటుందా?"